బూడిద మీద అడుగులు

ఫిబ్రవరి 3
పొద్దున పాల ప్యాకెట్ తెచ్చేలోపు మూడు కోళ్లు పోయాయి. నేను కట్టిన దొడ్డిలోనే! పాతికేళ్లుగా ఆటోక్యాడ్‌లో ఫ్యాక్టరీ షెడ్లు గీస్తున్న ఈ త్రిమూర్తులు నాలుగు కోళ్లకు దొడ్డి కట్టలేకపోయాడు. సిగ్గుగా ఉంది.

కోళ్లు మా వెనక గదిలో అద్దెకుండే వెంకటనర్సమ్మవి. మిగిలింది నల్లపెట్ట ఒక్కటే. ఆమె గదిలో తొమ్మిది గుడ్ల మీద నాలుగు రోజులుగా పొదుగుతోంది కాబట్టి బతికింది. వాళ్లమ్మ ఇచ్చిన కోళ్ల సంతతి అది. అదీ పోతే ఆ వరస ఆగిపోతుంది. ఆమె ఈకలు ఊడ్చేసి నల్లపెట్టకు నూకలు వేసింది. తిట్టినా బాగుండేది.

ఫిబ్రవరి 4, ఉదయం 6.40
నిన్న ఎదురింటి పిల్లి పనే అన్నాను. సూడకుండ ఎవ్వరి మీద నిందెయ్యద్దు సార్ అంది వెంకటనర్సమ్మ. సాయంత్రం దొడ్డి చుట్టూ పొయ్యిలోని బూడిద జల్లించి చల్లింది. ఇవాళ వంగి అడుగులు చదివింది, నేను డ్రాయింగ్ చదివినట్టే. ముంగిస. దొడ్డి ఇనప జాలి కింద మట్టి తవ్వి దూరింది. నేను గోడలు గీశాను, నేల సంగతే మర్చిపోయాను.

ఫిబ్రవరి 9
కొత్త దొడ్డి ఎలా ఉండాలో ఆమె చెప్పింది, నేను గీశాను. అలవాటుగా కాగితం మూలన డిజైన్ గడిలో, అంటే అది ఎవరి రూపకల్పనో చెప్పే చోట, నా పేరు రాసుకున్నాను. మల్లాపూర్ నుంచి వెల్డ్ మెష్ జాలి తెచ్చాను, చిటికెనవేలు దూరని సందులది. అడుగున మూరెడు జాలి బయటికి మడిచి మట్టిలో పూడ్చాలట. ముంగిస గోడ కాడనే తవ్వుతది, జర ఎనకకు జరిగి తవ్వే తెలివి దానికేడిది అంది. ఇంత అందమైన డీటెయిల్ నా జన్మలో గీయలేదు.

ఫిబ్రవరి 14
తలుపు లోపలికే తెరుచుకోవాలట, కోళ్లు బయటికి ఉరకకుండా. రెండు గడియలు. గద్ద రాకుండా పైన కూడా జాలి. పడమటి ఎండకు గోనెపట్టా. ఆఫీసులో ఎవరైనా నా తప్పు చూపిస్తే ఒళ్లు మండుతుంది. ఈమె చూపిస్తుంటే ఇంకా చూపించమనిపిస్తోంది.

ఫిబ్రవరి 21
ఎనిమిది పిల్లలు! ఒక గుడ్డు మురిగింది.

ఫిబ్రవరి 26
తల్లినీ పిల్లల్నీ కొత్త దొడ్డిలో వదిలింది. ఇంకో వారం గదిలోనే ఉంచమని బతిమాలాను. గట్ల దాసిపెడితె మేత ఏరుడు ఎప్పుడు నేర్సుకుంటయి అంది. నా పనితనం మీద నాకు లేని నమ్మకం ఆమెకుంది. సాయంత్రం మళ్లీ బూడిద చల్లింది, ఈసారి లోపల కూడా.

ఫిబ్రవరి 27, ఉదయం
బూడిదలో ముంగిస అడుగులు. జాలి చుట్టూ పూర్తిగా ఒక చుట్టు. తలుపు దగ్గర గోకిన గుర్తులు. తర్వాత ప్రహరీ గోడ వైపు వెళ్లిపోయిన అడుగులు.
లోపలంతా పిల్లల అడుగులు. ఎనిమిదీ ఉన్నాయి.
డిజైన్ గడిలో నా పేరు కొట్టేసి వెంకటనర్సమ్మ అని రాశాను.