నువ్వు పంపిన చొప్ప కట్ట

అన్నకు, పటాన్‌చెరు నుంచి నీ చెల్లె సుజాత దండం పెట్టి రాసేది. నేను బాగానే ఉన్నాను. అమ్మ మోకాళ్లు, వదిన దగ్గు ఎలా ఉన్నాయి? చలికి నీ చెయ్యి గుంజుతోందా? ఇక్కడ గాలి నిండా కంపెనీల కంపు, తిన్నది ఒంటబట్టదు. అయినా బాగానే ఉన్నాను, రంది పెట్టుకోకు.

నా పని ఏమిటని అడిగావు కదా. వీడియోలకు చప్పుళ్లు చేసే స్టూడియో. స్టూడియో అంటే రేకుల షెడ్డే, గోడలకు గుడ్ల అట్టలు, తలుపుకు బొంత. మధ్యాహ్నం లారీలు తగ్గాక ఫ్యాను ఆపి, మైకు జానెడు దూరంలో నిలబెట్టి, హెడ్‌ఫోను పెట్టుకుంటాను. తెర మీద మనిషి నడిస్తే ఇక్కడ నేను ఇసుకలో చెప్పులు తొక్కుతాను. కోటి విద్యలూ కూటి కొరకే.

హత్నూర బస్సులో జొన్న చొప్ప వేసి పంపమంటే, ఎందుకని కూడా అడగకుండా ఎడమ చేత్తో కోసి పంపావు. ఫోన్‌లో చెప్పడానికి నాకు నోరు రాలేదు.

అది ఎముకలు విరిగే చప్పుడు కోసం అన్నా. ఎముకలకని తెలిసే అడిగాను. ఎవరివో తెర మీద బొమ్మ పడ్డాకే తెలిసింది. కొత్త కార్మికులకు చూపించే జాగ్రత్తల వీడియో, మీ కంపెనీదే. అందులో మనిషి ఫోను మాట్లాడుతూ ప్రెస్సులో చెయ్యి పెడతాడు. నీ చెయ్యి నలిగిన ఆ రోజు నీ ఫోను గేటు దగ్గరే ఉందని, పని జల్దీ కావాలని చేతులకు అడ్డం ఉండే మిషను జాలీ తీయించింది సూపర్‌వైజరేనని నాకు తెలుసు. ఆసుపత్రికి అరటిపళ్లు తెచ్చిన ఆయనే సమోసా తింటూ నా ఎదురుగా కూర్చున్నాడు. నన్ను గుర్తుపట్టలేదు.

తడి టవల్లో చొప్ప చుట్టి విరిచాను.

"జెర గట్టిగ ఇరువమ్మా. పోయింది ఒక్క వేలు గాదు, నాలుగు."

నాలుగుసార్లు విరిచాను.

"అచ్చం గట్లనే ఇనవడ్డది ఆ దినం" అని నవ్వాడు.

తర్వాత కేక కావాలన్నాడు. నువ్వు ఆ రోజు అరవనే లేదట కదా. నేను అరిచాను. ఉద్యోగం పోతుందని నేనెవరో చెప్పలేదు. సిగ్గు లేనిదాన్ని.

ఆ వీడియో ఊళ్లో ఎవరి ఫోనుకైనా వస్తే అమ్మకు చూపించకు. నువ్వు చూస్తే చప్పుడు తీసేసి చూడు.

అమ్మకు, వదినకు దండాలు. దీవించమని అడగడానికి మొహం లేదు, అయినా అడుగుతున్నాను.

నీ చెల్లె,
సుజాత

చొప్ప మా ఓనరుకు బాగా నచ్చింది. ఇంకో కట్ట తెప్పించమంటున్నాడు. ఈసారి కోసే ముందు ఎందుకని అడుగు.