పొద్దున వచ్చినవాళ్ల ఫొటో

ఏమండీ,

మీ జూనియర్ పద్మజ పేరు హైకోర్టు జడ్జి పదవికి వెళ్లింది. మీరుంటే ప్రొద్దుటూరు కోర్టంతా స్వీట్లు పంచేవారు. టీవీల్లో మాత్రం ఆమె ఏ పార్టీ మనిషని కొట్లాడుకుంటున్నారు. వాళ్లు చూపించే సాక్ష్యం మీరు పోయిన రోజు తీసిన ఫొటో. మీ తల దగ్గర పద్మజ, ఆమె పక్కన జమ్మలమడుగు నాయకుడు.

మన వైపు ఒకరిమీద ఒకరికి పగ ఉన్నవాళ్లు చావింటికి ఒకే వేళకు రారు కదా. ఆయన పొద్దున వచ్చాడు, అవతలి పార్టీ లింగాల నాయకుడు మధ్యాహ్నం వచ్చాడు. అప్పటికి ఫొటోలు తీసేవాళ్లు వెళ్లిపోయారు. ఇప్పుడు ఆ ఫొటో తిప్పుతున్నది లింగాల ఆయన మనుషులే.

ఆయనకు ఫోన్ చేశాను. "నువ్వూ వచ్చి పద్మజ చెయ్యి పట్టుకొని ఏడ్చినావు కదప్పా. ఆ మాట టీవీలో చెప్పు."

"చెప్తే మావోళ్లకు నేనేం చెప్పుకోవల్ల వదినా?" అన్నాడు.

రేపు మీ సంవత్సరీకం. ఎన్ని గంటలకు రావాలని ఇద్దరూ విడివిడిగా అడిగారు. ఇద్దరినీ పదకొండుకే రమ్మన్నాను. పద్మజనూ, ఫొటో తీసే మనిషినీ పిలిచాను. భయంగానే ఉంది. మీరుంటే ఈ పని చేయనిచ్చేవారు కాదు.

మీరు లేరుగా.