బావ కాపలాలో నీ చేపలు

తమ్ముడూ,

ఆసుపత్రి మంచం మీద బెంగపెట్టుకోకు, నీ చేపలు రెండూ క్షేమం.

నీ పాత అక్రిలిక్ తొట్టిని మా ముందుగదిలో పెట్టి ఉప్పునీళ్ళు నింపుతుంటే, మూలన అతుకు ఊడి నేలంతా తడిసింది. "ఇంట్లోకి సముద్రాన్నే తెచ్చిపెట్టావు కదే!" అని మీ బావ కేకలేశారు. అన్నారే గానీ, అతుకు వేయించి అది ఆరేదాకా బకెట్లో ఉన్న చేపల పక్కనే కూర్చుని, గాలి మిషను ఆగకుండా చూసుకున్నది ఆయనే. ఇప్పుడు తొట్టి చుక్క కారడం లేదు. ఆఫీసు నుంచి రాగానే నాకంటే ముందు వాటినే పలకరిస్తున్నారు.

నీళ్ళు ఇగిరితే పోయాల్సింది ఉప్పునీళ్ళా, మంచినీళ్ళా? వెంటనే రాయి. కుట్లు విప్పారా? అక్కడి తిండి ఒంటికి పడుతోందా?

"చేపల్ని తిరిగిచ్చేది లేదు, కావాలంటే వాడినే వచ్చి పోట్లాడమను" అంటున్నారు మీ బావ. త్వరగా లేచి రా నాయనా. పోట్లాటలో నేను నీవైపే.

చల్లగా ఉండు.
అక్క