బయటి గుడిసెకు వైరు లేదు

మే 6, 2006
సమ్మర్ హాలిడేస్‌కి ఇంటికొచ్చాను. దుమ్ముగూడెంలో జీపు దిగాక అడవిలో నడకే. మా ఊరికి కరెంట్ స్తంభాలు ఇంకా రాలేదు. అయినా ఈసారి లైట్లున్నాయి. భద్రాచలం సంస్థవాళ్లు ఆడవాళ్ల సంఘం గది మీద సోలార్ ప్యానెల్స్ పెట్టారు. లోపల నాలుగు బ్యాటరీలు. ఇంటికో లైటు. బ్యాటరీల్లో డిస్టిల్డ్ వాటర్ పోసే డ్యూటీ నాది, క్యాన్ మీది ఇంగ్లిష్ చదవగలనని. సంఘం లీడర్ గంగక్క మా పెద్దమ్మే. మా పిల్ల కాన్వెంట్ల సదువుతది, గీ డబ్బాల సంగతి దానికే ఎరుక అని ఊరంతా చెప్పుకుంటోంది.

మే 8
గదికి ఒక రూల్. మొదటిరోజు బ్యాటరీలకు పసుపు కుంకుమ పెట్టి, కోడిని కోశారట. అందుకని పీరియడ్స్ వచ్చిన ఆడవాళ్లు గడప తొక్కకూడదు. వాళ్లు ఎలాగూ ఊరి చివర గుడిసెలో ఉండాలి. ఆ గుడిసెకు వైరు లేదు. అది ఎవరి ఇల్లూ కాదు కదా.
పోయిన సమ్మర్‌లో నేను అందులో ఒక్కదాన్నే ఉన్నాను. తలుపు లేదు, తడిక. దాని కింద నుంచి ఏదో పాకుతూ లోపలికొచ్చింది. ఏంటో చూద్దామంటే వెలుతురు లేదు. తెల్లారేదాకా కాళ్లు ముడుచుకుని కూర్చున్నాను.
నా డేట్ దగ్గరికొస్తోంది.

మే 11, పొద్దున
వచ్చేసింది. ఎవరికీ చెప్పను.

మే 11, సాయంత్రం
నీళ్లు పోసే రోజు ఇవాళే. ఎగ్గొడితే పెద్దమ్మకు డౌట్ వస్తుంది. గడప దగ్గర ఆగిపోయాను. గది ఊడ్చే పుష్పలత వదిన, ఏందమ్మా, బ్యాటరీలు కరుస్తయా అని నవ్వింది. లోపలికెళ్లాను. నాలుగింటి మూతలూ విప్పి, నాలుగింట్లోనూ పోశాను. కొంచెం ఒలికింది.
సైన్స్ ప్రకారం ఏమీ కాదు. ఏమీ కాదు.

మే 12
మబ్బు.

మే 13
వాన. లైట్లు మసకబారాయి. ఎండ లేకపోతే ఛార్జింగ్ ఎక్కదు, అంతే. నాకు తెలుసు. మరి అన్నం ఎందుకు దిగడం లేదు?

మే 14
ఊరంతా చీకటి. ఎవరో మైల పడి గది తొక్కిండ్రు అంటోంది పెద్దమ్మ.

మే 15
పొద్దున్నుంచి మంచి ఎండ. సాయంత్రం దాకా ఆగితే లైట్లు వాటంతటవే వచ్చేవి. పెద్దమ్మ ఆగలేదు. ఆడవాళ్లందరినీ గది ముందుకు పిలిచింది. చేతిలో బిందెడు పసుపు నీళ్లు. మూతలు విప్పి, లోపల కూడా పోసి శుద్ధి చేయాలంది. అవి పడితే బ్యాటరీలు ఖరాబే.
ముసలి పున్నమ్మ, ముట్టంగనే ముడుసుకపోనీకి అవేమన్న మొగోళ్లానే అంది. అందరూ నవ్వారు, పెద్దమ్మ తప్ప.
మబ్బు వల్ల పెద్దమ్మా అన్నాను. మరి మబ్బు పట్టిన తొల్తరోజు ఎట్ల ఎలిగినయే అంది. జవాబు తెలుసు. పాత ఛార్జింగ్ మిగిలుందని చెప్పేలోపే, రోజూ గదిలకు పోయేది నువ్వే గద, నీ కొడుకు మీద ఒట్టెయ్యి అని వదిన మీదికెళ్లింది. వదిన ఏడుస్తోంది. పెద్దమ్మ బిందె ఎత్తింది.
నేనే అని చెప్పాను. నేనే ముట్టుకున్నాను.
ఎన్ని ముట్టినవ్ అంది.
ఆఖరిది ఒక్కటే అన్నాను. మిగతావాటికి ముందురోజే పోశానని చెప్పాను.
కొడుతుందనుకున్నాను. బిందె కింద పెట్టింది. మైలపడ్డది మాకెందుకు, నువ్వే గుంజుకపో అంది. ఆ గదిలో బల్బు స్విచ్ కూడా నేనే వేశాను కాబట్టి బల్బూ, దాని వైరూ కూడా పట్టుకుని గుడిసెకు పొమ్మంది. ఐదు రోజుల లెక్క ఇవాళ్టి నుంచేనట. బ్యాటరీని గోనెపట్టా మీద పెట్టి లాక్కొచ్చాను. ఎవరూ చెయ్యి వేయలేదు.

మే 15, చీకటి పడ్డాక
ఊళ్లో అన్ని లైట్లూ వెలిగాయి. మైల తియ్యంగనే చూసిండ్రా అని పెద్దమ్మ అరవడం గుడిసె దాకా వినిపించింది. ఇప్పుడు వాళ్లకు ప్రూఫ్ దొరికింది. మిగిలిన మూడు బ్యాటరీలనూ నేను ముట్టానని నాకొక్కదానికే తెలుసు. చచ్చినా చెప్పను.
వైరు తగిలించాను. గుడిసెలోనూ వెలిగింది. తడిక కింద సందు ఇంతే ఉందా!

మే 17
వదిన చాప పట్టుకుని వచ్చింది. తన డేట్‌కి ఇంకా చాలా రోజులుంది. ఇంట్ల అందరికీ అబద్ధం చెప్పి వచ్చిన, జరుగు అంది.