డెబ్బీ యెరూషలేము వెళ్తోంది

అమ్మా,

ఈ దేశం నుంచి నీకు రాద్దామని కొన్న విమానం ఉత్తరాలు, ఆ నీలం ఏరోగ్రాములు, రెండు మిగిలిపోయాయి. నువ్వు పోయి రేపటికి ఏడాది. అయినా ఈ సంగతి నీకు తప్ప ఇంకెవరికీ చెప్పుకోలేను. నాకు ఒళ్ళు మండిపోతోంది.

పక్కింటి సూసన్ కూతురు డెబ్బీ యెరూషలేము వెళ్తోంది. పదహారేళ్ళ పిల్ల. వాళ్ళు యూదులు. వేసవి సెలవుల్లో పిల్లల్ని గుంపుగా ఆరు వారాలు అక్కడికి పంపుతారు. పోయినేడు మా వీధి నుంచి ఒక్కడే వెళ్ళాడు, ఈసారి ఐదుగురు. బట్టలన్నిటికీ పేరు కుట్టాలట. సూసన్‌కి సూది పట్టడం రాదు. మూట తెచ్చి నా ఒళ్ళో పెట్టింది.

"అక్కడ ఏం చూస్తావు?" అని డెబ్బీని అడిగాను.

"ఏమో, బీచ్ బాగుంటుందట," అంది, చూయింగ్ గమ్ నములుతూ.

నువ్వు సండే స్కూల్ గచ్చు మీద సుద్దముక్కతో ఒలీవల కొండ నుంచి దేవాలయం దాకా యెరూషలేము దారి గీసి, పిల్లల్ని దాని మీద నడిపించేదానివి. బెజవాడ దాటి ఎరగవు.

"ఏంటే, గుడ్డ మీద పగబట్టినట్టు పొడుస్తున్నావ్?" అన్నారు మీ అల్లుడు.

చివరికి తెల్ల గౌను మిగిలింది. అక్కడ పాత దేవాలయానికి మిగిలిన గోడ దగ్గర ప్రార్థనకి అది వేసుకుంటుందట. మెడ దగ్గర డెబ్బీ పేరు కుట్టాను. తర్వాత కింది అంచు విప్పి, మడత లోపల తెలుగులో 'రూతమ్మ' అని నీ పేరు కుట్టి, మళ్ళీ మూసేశాను. ఎవరికీ చెప్పలేదు.

పొద్దున్నే విమానాశ్రయానికి వాళ్ళ బస్సు. నువ్వూ వెళ్ళిరా అమ్మా.

ఇప్పుడు నిన్ను చూసినా అసూయగానే ఉంది.