గేటుకు మళ్ళిన ఫోన్లు

వడోద్, సూరత్
మే 2020

మొండయ్య మామకు,

ఫోన్ చేస్తే నా మాట వినకుండానే పెట్టేస్తున్నావు. అందుకే నీ టిఫిన్ డబ్బాతో ఈ ఉత్తరం పంపుతున్నాను.

లాక్‌డౌన్‌కు మూసిన మన ఆఫీసు ఫోన్లను ఓనరు సేఠ్ మొబైల్‌కు మళ్ళించేటప్పుడు, బయటి నంబరుకు ముందు కొట్టాల్సిన సున్నా మరిచిపోయాను. ఆయన నంబరులో మొదటి రెండంకెలే నువ్వు కాపలా ఉండే గేటు ఇంటర్‌కమ్ నంబరు కావడంతో అన్నీ నీకే వస్తున్నాయి. కరీంనగర్ చీరల వ్యాపారిని "ఏందే నీ తొందర? కరోనా పోయినంక జెయ్" అని గద్దించావట. ఆయన ఆర్డరు ఆపేశాడు. ఇది సరిచేయకపోతే నా ఉద్యోగం పోతుంది.

సరిచేద్దామని నిన్న ఆఫీసుకు వస్తే, "సేఠ్ ఎవ్వలను రానియ్యద్దన్నడు. కోడలువైనా గంతే!" అని పంపేశావు.

రేపు నాతో సేఠే వస్తున్నారు. కనీసం ఆయన్నైనా లోపలికి రానివ్వు మామా.

నీ మేనకోడలు