రెండో చెవికి మిషన్ పెట్టాక

బావా, అంగన్‌వాడీ మీటింగుకు పోతున్నాను. సాయంత్రం బస్సుకు వస్తాను. అత్తమ్మ పక్కన మన హారతి పడుకుంది. చెవి మిషన్లు రెండూ డబ్బాలో ఉన్నాయి. తలస్నానం చేయించి, జుట్టు బాగా ఆరాకే పెట్టు. ఎర్ర దారం కట్టింది కుడి చెవిది. తారుమారు చేయకు.

నువ్వు డ్యూటీలో ఉండి నిన్నటి సంగతి చూడలేదు. అడవిలో ఇప్పపూలు ఏరుతుంటే పిల్ల నా చెయ్యి వదిలి పొదల వెనక్కి పోయింది. ఒక్క చెవికే ఆపరేషన్ చేసి మిషన్ పెట్టినప్పుడు, పిలిస్తే వినేది గానీ పిలుపు ఎటునుంచి వచ్చిందో తెలియక చుట్టూ తిరిగి చూసేది కదా. నిన్న ఒక్కసారే పిలిచాను. దిక్కులు చూడకుండా నేరుగా నా దగ్గరికే వచ్చి, "ఏందమ్మా, గట్ల అరుస్తవ్?" అన్నది. తిట్టబోయినదాన్ని ఎత్తుకొని ముద్దు పెట్టుకున్నాను.

మాటల క్లాసులకు వారం వారం ఖమ్మం తిప్పింది నేను. అదేమో "నేను డ్రైవర్ బిడ్డను" అని ఊరంతా చెప్పుకుంటోంది. చెప్పుకోనీ.

— సుగుణ

మరిచాను: ఇవాళ ఎదురుగా నిలబడి పిలవకు. దొడ్డివైపు పోయి, కనబడకుండా మెల్లగా పిలిచి చూడు.